ఎర్రగడ్డ రాయి

మా సంఘం మినిట్ బుక్కులో నా భర్త సమాధి గురించి ఒక తప్పు ఉంది. దాన్ని కొట్టేసి సరిగ్గా రాసుకుంటాం, పక్కన సంతకం పెట్టమని రెండు సార్లు అడిగారు. నేను పెట్టలేదు. ఇప్పటికీ ఆ పుస్తకం తెరిస్తే "ఎర్రగడ్డ నుండి తెచ్చిన రాతిని వేసికొనుటకు అనుమతించడమైనది" అని పాస్టరుగారి గుండ్రటి చేతిరాత కనబడుతుంది. ఎర్రగడ్డ అనే ఊరు జమ్మలమడుగు చుట్టుపక్కల ఎక్కడా లేదు.

మాకు ఎర్రగడ్డ అంటే కూరలో వేసేది. కోస్తా వాళ్లు ఉల్లిపాయ అంటారు. మా పాస్టరుగారు గోదావరి జిల్లా నుంచి కొత్తగా వచ్చినాయన. మంచివాడు. అందరినీ మీరు అనేవాడు, చాకలావిడను కూడా. మా మాట ఆయనకు సగం అర్థమయ్యేది, తక్కిన సగం నవ్వుతూ తలూపేవాడు. ఆయన ఊళ్లో గడ్డ అంటే మట్టిదిబ్బ.

రాజధాని కర్నూల్లో ఉన్న రోజుల్లో నా భర్త పులివెందుల హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. నేను అక్కడే చిన్నపిల్లల బడిలో టీచర్ని. ఊరి నుంచి వేంపల్లె పోయే దోవలో ఒక వంక ఉంది. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉంటుంది. దాని గట్టు నిలువుగా తెగి, లోపలి రాయి పొర మీద పొరగా బయటికి కనబడుతుంది. బూడిద రంగు, అక్కడక్కడా వక్క రంగు. గోటితో లేపితే పొర ఊడి వస్తుంది. మేం పలకరాయి అనేవాళ్లం. ఆయన పుస్తకంలో దాని పేరు షేల్. ఒకప్పటి బురద గట్టిపడి రాయి అయిందని ఆయన చెప్పేవాడు.

ఆ పలకరాయి పొరల మధ్య అక్కడక్కడా గట్టి రాయి ఒక వరస వస్తుంది. దాని మీద బోర్లించిన గిన్నెల మాదిరి గుబ్బలు ఉంటాయి. అరిగిన గుబ్బను పైనుంచి చూస్తే చుట్టు లోపల చుట్టు. రాళ్లు కొట్టేవాళ్లు దాన్ని ఎర్రగడ్డ రాయి అంటారు. నేలకు పరిస్తే కాలు తట్టుకుంటుంది, గోడలో కూర్చోదు. అందుకని పక్కన పారేస్తారు. రైతులు కొందరు నాగుల రాయి అంటారు. వంక మలుపులో అలాంటిదొకటి నిలబెట్టి ఉండింది, పసుపూ కుంకుమతో. నా భర్త పిల్లలను వంకకు తీసుకుపోయినప్పుడు ఆ ఒక్క రాయిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. "అది వాళ్లది" అనేవాడు.

ఒకసారి జియాలజీ శాఖ ఆఫీసరొకాయన వచ్చి ట్రావెలర్స్ బంగళాలో దిగాడు. మా ఆయన సంచిలో రెండు రాళ్లు వేసుకుని అడగబోయి, మధ్యాహ్నం భోజనం వేళ దాటినాక వచ్చాడు. నేను ఉగ్గాణికి ఎర్రగడ్డలు తరుగుతున్నాను. ఒకటి తీసుకుని సగానికి కోసి, కోసిన ముఖం కిందికి వచ్చేట్టు పళ్లెంలో పెట్టాడు.

"ఇట్లా పెరిగింది. చేప లేదు, చెట్టు లేదు, ఆకు గూడా లేదు అప్పటికి. ఈడ సముద్రం. అడుగున వట్టి నాచు. దాని మీద సన్నటి బురద పడితే, వెలుతురు కోసం దాన్ని దాటి పైకి వచ్చేది. మళ్లీ బురద, మళ్లీ నాచు."

"కోసింది వంటకు" అన్నాను.

"తినేముందు చూడు. గుబ్బ ఎప్పుడూ వెలుతురు వైపే ఉంటాది. భూమి తలకిందులైనా సరే, గుబ్బను చూసి యా పక్క పైనో చెప్పొచ్చంట."

ఆ తర్వాత ఆయన పాఠం ఎప్పుడూ అక్కడే మొదలయ్యేది. వంకలో పిల్లల చేతికి రాయి ఇచ్చి, దీనికి ఏది పైన, ఏది కింద అని అడిగేవాడు. "పైనుండేది పైన సార్" అని ఒక పిల్ల చెప్పింది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "నువ్వు దాన్ని తిప్పి పట్టుకున్నావు గదమ్మా" అన్నాడు.

కామెర్లు ముదిరి ఒక ఎండాకాలం ఆయన చనిపోయాడు. చనిపోయేవాళ్లు సమాధి గురించి కోరికలు చెబుతారని నవలల్లో చదివాను. ఆయన చివరి వారం మజ్జిగ అడిగాడు, కిటికీ తెరవమన్నాడు. అంతే. కాబట్టి ఆ రాయి ఆయన కోరిక అని నేను ఎవరికీ చెప్పలేదు. అది నా కోరిక.

వాళ్ల సొంత ఊరు జమ్మలమడుగు. అక్కడి సమాధుల తోటలోనే ఆయన్ను పెట్టారు. నలభై రోజుల కూటానికి పోయినప్పుడు ఆ తోటంతా తిరిగి చూశాను. అన్నీ నున్నటి నాపరాళ్లు. అన్నిటి మీదా శిలువ, పేరు, కింద వాక్యం. వాక్యాలు మూడో నాలుగో ఉన్నాయి, వాటినే మార్చి మార్చి చెక్కారు. పేరు చదివితే తప్ప ఎవరు ఎవరో తెలియదు. వాటిలో అబద్ధమేమీ లేదు. ఆయన కూడా లేడు. ఆయన మీద ఏది ఉండాలో నాకు అప్పుడే తెలిసింది.

పాస్టరుగారి ఇంటికి పోయి అర్జీ ఇచ్చాను.

"ఏ రాయి వేయిస్తారమ్మా?" అని అడిగాడు.

"ఎర్రగడ్డ రాయండి."

"ఆహా. మంచిదే. ఆ రంగు సమాధులకు బాగానే ఉంటుందిలెండి."

ఊరికే ఓదార్పుకు అంటున్నాడనుకున్నాను. సమాధుల తోట వెనక ఎర్రటి మొరం దిబ్బ ఒకటి ఉందని, ఆయన మనసులో ఉన్నది అదేనని నాకు తట్టలేదు. కమిటీలో ఆయన తాను రాసిందే గ్రాంథికంగా చదివి వినిపించాడు. "ఎర్రగడ్డ నుండి" అనేసరికి సంఘపెద్దలు ఇద్దరూ అదేదో ఊరి పేరు అనుకున్నారు. మూడో పెద్ద నా భర్తకు పెద్దనాయన, నాకు మామ. ఆయన ఆ వారం చాపాడులో కూతురి దగ్గర ఉన్నాడు. ఆయన ఉండి ఉంటే అడిగేవాడు.

రాయిని పులివెందుల మేస్త్రీ ఎంచి తీశాడు. గుబ్బల వరస కింద జానెడు మందం పలకరాయి వదిలి కోశాడు, లేకపోతే ఎత్తేటప్పుడు విరుగుతుందని. "టీచరమ్మా, నా బతుకులో ఇట్టాంటి రాళ్లు పారేసేదానికే పోయినా. తెచ్చేదానికి ఇదే మొదుటి తూరి" అన్నాడు. శెనక్కాయల లారీలో ప్రొద్దుటూరు దాకా వచ్చింది. అక్కడ నూనె మిల్లు ఆవరణలో నాలుగు రోజులు పడి ఉండింది, బండి దొరక్క. నేను చూడబోయేసరికి శెనక్కాయలు చెరిగే ఆడవాళ్లు ఇద్దరు దాని మీద కూర్చుని సద్ది తింటున్నారు.

"నీదా రాయి?" అని అడిగింది ఒకామె. "కూర్చుంటే గుచ్చుకుంటాంది. ఏం జేసుకుంటావు?"

"మా ఆయన సమాధికి."

ఆమె లేచింది. రెండో ఆమె లేవకుండా, "కూర్చోలే. ఆయప్ప ఏమన్నా అనుకుంటాడా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఏం పని జేస్తాండె?" అని అడిగింది.

చెప్పాను. "బడి అయివారా" అని, జరిగి నాకు చోటిచ్చింది. ముగ్గురం కూర్చున్నాం.

అక్కడి నుంచి ఎద్దుల బండి మీద జమ్మలమడుగు చేరింది. తోట దగ్గర దింపుతుంటే పాస్టరుగారు, సంఘపెద్దలు ముగ్గురూ వచ్చారు. రాయి మీది గడ్డి తీశాను. నల్లటి బూడిద రంగులో పదమూడు గుబ్బలు.

పాస్టరుగారు చుట్టూ తిరిగి చూశాడు. "ఇది ఎర్రగా లేదే అమ్మా?"

"ఎర్రగా ఎందుకుంటాదయ్యా?" అన్నాడు ఒక పెద్ద. "ఎర్రగడ్డ మాదిరి చుట్లుండాయని ఆ పేరు."

"అదే, ఎర్రగడ్డ. ఎర్రమట్టి దిబ్బ కదండీ?"

 బండి తోలినాయన అన్నాడు. "ఎర్రగడ్డ అంటే సాంబార్లో యేసేది సామీ. మీ ఇంట్లో యెయ్యరా?"

"ఉల్లిపాయా?"

"ఆఁ, అదే మీకు."

నవ్వు పుట్టింది. పాస్టరుగారు కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి. మా మామ ఒక్కడూ నవ్వలేదు. చేతికర్రతో ఒక గుబ్బను తాకి చూశాడు.

"ఇది నాగుల రాయి గదమ్మే."

"పొలాల్లోవాళ్లు అట్లా అంటారు మామా. ఇది నాచు పేరుకున్న రాయి. ఆయన నీకు చెప్పినాడు గదా."

"చెప్పినాడు. వాడు శానా చెప్తాడు." ఆయన ఇంకా వర్తమానంలోనే మాట్లాడేవాడు నా భర్త గురించి. "వాని ముత్తాత రాయికి మొక్కేది మాని ఈ గుడికొచ్చినాడు. వచ్చినందుకు ఊరి బాయి నీళ్లు కూడా దొరకల్యా. రెండు మైళ్లు పోయి మోసుకొచ్చినారు మా వాళ్లు. మొక్కమని చెప్పినా మొక్కల్యా. ఇప్పుడు నువ్వు అదే రాయిని తెచ్చి ఆయప్ప ముని మనవని మింద పెడతావా?"

  "దీనికి ఎవరూ మొక్కరు మామా" అన్నాను.

"నువ్వు మొక్కవు. ఊరు మొక్కుతాది. పసుపు పెట్టినంక తెలుస్తాది నీకు."

"పెడితే కడుగుతా."

"ఎన్ని తూర్లు కడుగుతావు?"

"పెట్టినన్ని తూర్లు."

పాస్టరుగారు మధ్యలోకి వచ్చాడు. అర్జీ మళ్లీ రాసివ్వండి, నున్నటి రాయికి అనుమతి ఇప్పిస్తానన్నాడు. నేను రాయనన్నాను. ఎర్రగడ్డ రాయి వేసుకుంటామని అడిగాను, ఇచ్చారు, ఇది ఎర్రగడ్డ రాయే. ఆయన పొరపాటును నేను వాడుకుంటున్నానని నాకు తెలుసు. అది న్యాయమా అని ఆలోచించాను కూడా. కానీ ఆయన సరిగ్గా అర్థం చేసుకుని ఉంటే ఆ అనుమతి నాకు దొరికేది కాదు. అన్యాయం అక్కడుంది అనుకున్నాను.

సాయంత్రానికి ఒక మధ్యేమార్గం తేల్చారు. రాయి ఉండొచ్చు, కానీ గుబ్బలు కిందికి. పైకి వచ్చే చదును పక్క మీద అందరికీ ఉన్నట్టే శిలువ, పేరు, వాక్యం. అప్పుడు నాగుల రాయి అని ఎవరూ అనరు. పులివెందుల మేస్త్రీ బండితో పాటు వచ్చి ఉన్నాడు. "కింది పక్క పలకరాయి సామీ. అచ్చరం నిలవదు. వానకు లేచిపోతాది" అన్నాడు. ఎవరూ వినలేదు. చెక్కడం తనవల్ల కాదని అతను మరుసటి రోజు వెళ్లిపోయాడు. వేరే మనిషిని పెట్టారు. నాకు బడి తెరిచే రోజు వచ్చేసింది, పోక తప్పలేదు. నేను ఒప్పుకోలేదు, ఊరుకున్నాను. రెండింటికీ తేడా ఉందని అప్పుడు నన్ను నేను సమాధానపరుచుకున్నాను. బస్సు ముద్దనూరు దాటేసరికి ఆ తేడా ఏమీ మిగల్లేదు.

దసరా సెలవుల్లో మళ్లీ పోయాను. అంతకుముందు పదిరోజులు గట్టి వానలు పడ్డాయి. తోటలో నీళ్లు ఇంకిపోయి, నేల మెత్తగా ఉంది. ఆయన రాయి దగ్గర కూర్చున్నాను. పైపొర అంచుల్లో లేచి ఉంది. వాక్యంలో మొదటి సగం లేదు. శిలువ అడుగు లేదు. నేను పేరు మీద చెయ్యి పెడితే అప్పడమంత ముక్క చేతికి వచ్చేసింది. దాని మీద ఆయన పేరులో రెండు అక్షరాలు ఉన్నాయి. దాన్ని మళ్లీ అక్కడ పెట్టి చూశాను. అతకదని తెలుసు. ముక్కను నాతోనే తెచ్చుకున్నాను.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. వంకకు పోయిన ప్రతిసారీ ఆయన పిల్లలకు ఒకే ప్రశ్న వేశాడు. దీనికి ఏ పక్క పైన అని. ఆయన మీద పెట్టిన రాయికే మేమందరం కలిసి తప్పు జవాబు రాశాం. ఆ మేమందరంలో నేనూ ఉన్నాను.

ఆ రోజే పులివెందులకు తిరిగి పోయి మేస్త్రీని కలిశాను. ఆదివారం ఉదయం అతనూ ఇంకో ముగ్గురూ గడ్డపారలు, మోకులు తీసుకుని సమాధుల తోట గోడ పక్కన కూర్చున్నారు. నేను ఆరాధనకు పోయి, చివరి కీర్తన దాకా ఉండి, అందరితో పాటు బయటికి వచ్చాను. ఎవరూ లేనప్పుడు చేయించి ఉండొచ్చు. మేస్త్రీ కూడా ఆ మాటే అన్నాడు. నేను దొంగతనం చెయ్యడం లేదు కదా అన్నాను.

జనం ఇళ్లకు పోకుండా తోటలోకి వచ్చారు. పాస్టరుగారు తెల్ల అంగీ విప్పకుండానే పరుగున వచ్చాడు. "అమ్మా, కమిటీ నిర్ణయం ఉంది కదండీ."

"మినిట్ బుక్కులో అనుమతి ఉందండి. బోర్లించమని మినిట్ బుక్కులో ఎక్కడుంది?"

 లేదని ఆయనకు తెలుసు. బోర్లించమని రాయాలంటే ముందు ఉల్లిపాయ సంగతి రాయాలి. అది పై ఆఫీసుకు పోయే పుస్తకం.

మా మామ వచ్చి సమాధి తల వైపు నిలబడ్డాడు. మేస్త్రీ పని ఆపి నా వైపు చూశాడు. నేను చేతిలో ఉన్న ముక్కను మామకు ఇచ్చాను. ఆయన దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు.

"వాని పేరు" అన్నాడు.

"వానకు వచ్చేసింది మామా. వచ్చే ఏటికి ఇంకేమీ ఉండదు. గుబ్బల పక్కకు వాన తగిలితే ఏమీ కాదు. అది నీళ్లలోనే పుట్టింది."

"నేను ఒప్పుకోనమ్మే."

"ఒప్పుకోవద్దు. జరుగు, కాలి మీద పడతాది."

 ఆయన ముక్కను చేతిలో పట్టుకునే జరిగాడు. దాన్ని ఒప్పుకోవడం అని నేను చెప్పను. నలుగురూ మోకు వేసి, గడ్డపారలు దూర్చి, రాయిని ఒక పక్కకు నిలబెట్టి నెమ్మదిగా తిప్పారు. మిగిలిన అక్షరాలు మట్టిలోకి పోయాయి. గుబ్బల సందుల్లో బురద గట్టిగా పట్టి ఉంది. మేస్త్రీ బోకెతో నీళ్లు తెచ్చి పోశాడు. నేను కొబ్బరి పీచుతో ఒక్కొక్క గుబ్బనూ తోమాను. జనం చాలాసేపు చూశారు. ఒక ముసలామె మాత్రం, "తిరగేస్తే బాగుందిలే" అని పోయింది. 

తల దగ్గర చిన్న నాపరాతి ముక్క పెట్టించాను. దాని మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. వాక్యం వద్దన్నాను. పాస్టరుగారు బలవంతం చెయ్యలేదు. మినిట్ బుక్కు సరిచేసుకుంటామని అడగడం మాత్రం ఆ తర్వాతే మొదలుపెట్టాడు. రెండోసారి అడిగినప్పుడు, నేను బతికున్నంత కాలం దాన్ని అలాగే ఉంచండి, తర్వాత మీ ఇష్టం అన్నాను.

రాష్ట్రం పెద్దదై రాజధాని హైదరాబాదుకు మారిన తర్వాతి వేసవిలో మామ అన్నంత పనీ అయింది. ఒక పొద్దున తోటకు పోతే మధ్య గుబ్బ మీద పసుపు. దాని మీద కుంకుమ బొట్టు, పక్కన రెండు గన్నేరు పూలు. ఎవరో పిల్లలు లేనామె అయి ఉంటుంది, లేకపోతే జ్వరం తగ్గని బిడ్డ తల్లి. ఆమె మీద నాకు కోపం రాలేదు. వంకలో నా భర్త ముట్టుకోనివ్వని రాయి ఒకటి ఉండింది, అది వాళ్లది. ఇది ఆయనది. పూలు తీసి గోడ మీద పెట్టాను. పక్కింటి నుంచి కడవతో నీళ్లు, పీచు తెచ్చుకుని కూర్చున్నాను.

పసుపు రాతిలోకి ఇంకి ఉంది. ఒక చుట్టు పోతే ఇంకో చుట్టులో కనబడుతోంది. వెనక చేతికర్ర చప్పుడైంది. మామ. అప్పటికి ఆయనకు చూపు సరిగ్గా ఆనడం లేదు, అయినా పసుపు కనబడింది.

"నేను చెప్పలా?" అన్నాడు.

"చెప్పినావు మామా."

"ఇదెన్నో తూరి?"

"మొదటిది."

"మళ్లా పెడతారు."

"మళ్లా కడుగుతా. నేను కూడా చెప్పినాను గదా."

 నా చేతులు రెండూ పీచు మీద ఉన్నాయి, కడవ దూరంగా ఉంది. "ఆ కడవ ఇట్లా జరుపు మామా" అన్నాను. ఆయన జరపలేదు. కర్రను గోడకు ఆనించి, వంగి, రెండు చేతులతో కడవ ఎత్తి తనే పోశాడు. ముఖం పక్కకు తిప్పుకునే పోశాడు, సగం నీళ్లు నా చీర మీద పడ్డాయి. గుబ్బల మీదుగా పసుపు నీళ్లు జారి, సందుల్లో నిలిచాయి.

"ఇంగా ఉండాదా?" అని అడిగాడు.

"ఉంది. ఇంకా పొయ్యి."